నా ట్యాంకులో 41 రోజులు బతికిన క్లీనర్ రాస్

ట్యాంకులో ఒక రాయి పక్కకి ఒరిగితే సరిచేద్దామని చెయ్యి పెట్టాను. మణికట్టు మునిగిందో లేదో, సన్నటి నీలం చేప ఒకటి వేళ్ల మధ్యలోకి దూసుకొచ్చింది. బొటనవేలి కణుపు మీద రెండు రోజుల కిందట గీరుకుపోయిన చోట చెక్కు కట్టి ఉంది. సరిగ్గా అక్కడ ఆగింది. ఒక క్షణం తేరిపార చూసి చటుక్కున కొరికింది. నొప్పేమీ లేదు, చంటిపిల్ల గోటితో గిల్లినట్టు ఉంది. నేను చెయ్యి తియ్యలేదు. వేలి కొస నుంచి మోచేతి దాకా ఒక్కో వెంట్రుక మొదలూ వెతుక్కుంటూ వెళ్లింది, మళ్లీ వెనక్కి వచ్చింది. ఆ చేప మా ఇంటికొచ్చి అప్పటికి 9 రోజులు. అంత చిన్న ప్రాణి నన్ను నమ్మి చేతి మీదికి వచ్చిందని ఆ రోజంతా సంబరపడ్డాను.

అది నమ్మకం కాదు, ఆకలి. ఈ సంగతి నాకు తెలియడానికి ఇంకో మూడు వారాలు పట్టింది.

దాని పేరు క్లీనర్ రాస్. శాస్త్రీయ నామం లాబ్రాయిడిస్ డిమిడియాటస్, 1839లో వాలాంసియేన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పెట్టిన పేరు. బాగా పెరిగితే 14 సెంటీమీటర్లు ఉంటుంది. నాది ఏడుకి మించదు. నోటి దగ్గర సన్నగా మొదలైన నల్ల చార కంటి మీదుగా వెళ్లి తోక దగ్గరికొచ్చేసరికి వెడల్పవుతుంది. ముందు సగం లేత పసుపు కలిసిన తెలుపు, వెనక సగం మెరిసే నీలం. పిల్లగా ఉన్నప్పుడు మాత్రం ఒళ్లంతా నలుపే, వీపు మీద ఒక్క నీలం గీత ఉంటుంది. ఎర్ర సముద్రం, తూర్పు ఆఫ్రికా తీరాల నుంచి ఫ్రెంచ్ పాలినేసియా దాకా, పగడపు దిబ్బలున్న ప్రతిచోటా దాదాపు ఇది కనిపిస్తుంది. ఒడ్డు దగ్గరి లోతులేని నీళ్ల నుంచి 40 మీటర్ల లోతు వరకు బతుకుతుంది.

ఎందుకు తెచ్చానో చెప్పాలి. నా ట్యాంకు 400 లీటర్లది. రెండు క్లౌన్ చేపలు, ఒక పసుపు సర్జన్ చేప, రెండు డామ్సెల్‌లు, ఒక గోబీ ఉన్నాయి. సర్జన్‌కి తెల్లచుక్కల జబ్బు వస్తే వేరే తొట్టిలో పెట్టి మందు వేసి బాగుచేసుకున్నాను. మళ్లీ వస్తుందేమోనని ఒకటే టెన్షన్. "ఒక క్లీనర్‌ని వేసుకోండి, ఇక మందులతో పని ఉండదు" అని చేప అమ్మినాయన చెప్పాడు. పేరే క్లీనర్ కదా, నమ్మేశాను. తెల్లచుక్కలు పుట్టించే సూక్ష్మజీవి చేప చర్మం పై పొర కిందికి దూరిపోయి ఉంటుంది. దాన్ని పైనుంచి ఏరి తినడం ఈ చేప వల్ల కాదు. ఇది కొనేముందు చదవాల్సిన విషయం. కొన్నాక చదివాను.

మరి ఇది నిజంగా తినేదేమిటి? దిబ్బ మీద బతికే చేపలకు నాథియిడ్ అనే పురుగులు పడతాయి. మిల్లీమీటరో రెండో ఉంటాయి. రొయ్యకీ పీతకీ దూరపు చుట్టాలు. చిన్నప్పుడు దిబ్బ సందుల్లో దాక్కుని, ముఖ్యంగా రాత్రిపూట బయటికొచ్చి, దొరికిన చేపని పట్టుకుని నెత్తురు తాగి మళ్లీ సందులోకి పోతాయి. పశువులకు పట్టే పిడుదులను తలుచుకోండి, సరిగ్గా అదే బాధ. చేపకి చేతుల్లేవు, వీపు గోక్కోలేదు. మొప్పల్లో దూరిన పురుగుని దులుపుకోలేదు. అందుకని క్లీనర్ ఉండే చోటికి వస్తుంది.

ఒక్కో క్లీనర్‌కి దిబ్బ మీద సొంత చోటు ఉంటుంది. ఒక పగడపు గడ్డ దగ్గరో, రాతి అంచు కిందో. శాస్త్రవేత్తలు దాన్ని క్లీనింగ్ స్టేషన్ అంటారు, అక్కడికొచ్చే చేపల్ని క్లయింట్లు అంటారు. నాకు మాత్రం గిరాకీ అన్న మాటే సరిపోతుందనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ జరిగేది అచ్చంగా కొట్టు వ్యవహారం. గిరాకీ వస్తుంది, తల పైకెత్తో కిందికి దించో కదలకుండా నిలబడుతుంది, రెక్కలు చాపుతుంది, మొప్పలు తెరుస్తుంది. గులివింద జాతి చేపలు కొన్ని ఆ సమయంలో ఒళ్లంతా ఎర్రబడతాయి. ఒంటిమీది పురుగులు అలా బాగా కనబడతాయని అంటారు. గ్రూపర్ లాంటి వేటచేప కూడా నోరు బార్లా తెరిచి, వేలెడంత చేపని లోపలికి రానిచ్చి, పళ్ల సందులు వెతకనిచ్చి, క్షేమంగా బయటికి పంపుతుంది. మింగడానికి దానికి అర సెకను చాలు. మింగదు.

ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో లిజార్డ్ ఐలాండ్ అనే దీవి ఉంది. ఈ చేప గురించి ప్రపంచానికి తెలిసినదాంట్లో చాలా భాగం అక్కడి నీళ్లలోంచే వచ్చింది. అలెగ్జాండ్రా గ్రట్టర్ అనే శాస్త్రవేత్త అక్కడ ఏళ్లతరబడి కూర్చుని లెక్కపెట్టారు. 1996లో ఆమె ప్రచురించిన లెక్క ప్రకారం ఒక్క క్లీనర్ రోజుకి సగటున దాదాపు 2,300 సార్లు చేపల్ని పరీక్షిస్తుంది. 1,200కు పైగా పురుగులు తింటుంది. ఆ రెండో అంకె చదివినప్పుడు నా కళ్లు ట్యాంకు వైపు తిరిగాయి. ఆరు చేపలు. అన్నీ నెలల తరబడి గాజు గోడల మధ్య ఉన్నవి, ఒంటిమీద ఒక్క నాథియిడ్ కూడా లేనివి. రోజుకి 1,200 ముద్దలు తినే ప్రాణిని తెచ్చి ఖాళీ విస్తరి ముందు కూర్చోబెట్టాను.

ఉప్పు సరిగ్గా ఉంది. వేడి 26 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంది. నీటి పరీక్షలన్నీ మంచి ఫలితాలే చూపించాయి. చేపకి ఆవాసం అంటే మంచి నీళ్లు, దాక్కోవడానికి రాయి, వెలుతురు అనుకునేవాణ్ణి. క్లౌన్ చేపకి అవి చాలు. ఈ చేపకి ఆవాసం రాయి కాదు, మిగతా చేపలు. వందల చేపలు, రకరకాల చేపలు, పురుగులు పట్టి దురదతో వచ్చే చేపలు. వాటిని తీసేస్తే చుట్టూ ఎంత అందమైన పగడం ఉన్నా అది దానికి ఎడారే.

ఆ కొట్టు వ్యవహారంలోని తిరకాసు కూడా నా కళ్ల ముందే జరిగింది, అప్పుడు నాకు అర్థం కాలేదంతే. డామ్సెల్ ఒకటి ఈదుతూ ఈదుతూ ఉలిక్కిపడేది. రోజుకి పది పదిహేనుసార్లు. ఏదో జబ్బు అనుకున్నాను. క్లీనర్‌కి పురుగుల కంటే ఇష్టమైనది ఇంకోటుంది, చేప ఒంటిమీది జిగురు. బలమైన ఆహారం అది. కానీ జిగురు కొరికితే గిరాకీకి నొప్పి పుడుతుంది, ఉలిక్కిపడుతుంది. ఆ ఉలికిపాటుని లెక్కపెట్టే, ఎప్పుడు మోసం జరిగిందో పరిశోధకులు తెలుసుకుంటారు. పురుగులే లేని నా ట్యాంకులో క్లీనర్ ఏం చేస్తుంది? జిగురే తిన్నది. డామ్సెల్‌లు దాన్ని చూస్తే రాళ్ల వెనక్కి పోవడం మొదలుపెట్టాయి.

దిబ్బ మీద ఈ మోసానికి హద్దులున్నాయి. రెడువాన్ బ్షారీ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు బయటపెట్టిన సంగతులు చదువుతుంటే రాత్రి ఎంతయిందో తెలియలేదు. గిరాకీల్లో రెండు రకాలు. ఒకటి, ఆ చుట్టుపక్కలే ఉండిపోయే చిన్న చేప. దానికి ఈ కొట్టు తప్ప గతి లేదు. రెండోది, దూరం తిరిగే పెద్ద చేప. ఇక్కడ ఆలస్యమైతే పక్క కొట్టుకి పోతుంది. రెండూ ఒకేసారి వస్తే క్లీనర్ ఆ తిరిగే చేపకే ముందు పని చేస్తుంది. మోసపోతే ఇరుగుపొరుగు చేప తరిమి కొడుతుంది, తిరిగే చేప మళ్లీ రాదు. వేటచేపల దగ్గర మోసం దాదాపు ఉండదు, ఎందుకో చెప్పక్కర్లేదు. పక్కన ఇంకో గిరాకీ నిలబడి చూస్తుంటే క్లీనర్ మరింత బుద్ధిగా పనిచేస్తుందని కూడా తేలింది. 2006లో బ్షారీ, గ్రట్టర్ కలిసి దీన్ని ప్రచురించారు. నలుగురూ చూస్తున్నారన్న స్పృహ ఏడు సెంటీమీటర్ల చేపకి ఉంది!

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ స్పర్శ. తప్పు చేశాక, లేదా బెదిరిపోయిన చేప ఎదురైనప్పుడు, క్లీనర్ దాని వీపు మీదికెక్కి పొట్ట కింది రెక్కలతో మెల్లగా తడుముతుంది. ఆ సమయంలో తినదు, నోరు మరోవైపు ఉంటుంది. ఉత్త మర్దనా. మార్తా సోరెస్ బృందం 2011లో దీని మీద చక్కటి ప్రయోగం చేసింది. సర్జన్ చేపల దగ్గర క్లీనర్ బొమ్మలు పెట్టారు. కొన్ని కదిలే బొమ్మలు, కొన్ని కదలనివి. కదిలే బొమ్మకి ఒళ్లు రాసుకున్న చేపల్లో ఒత్తిడి హార్మోను తగ్గింది. పురుగులు తీసేవాళ్లెవరూ లేకపోయినా, వట్టి తాకిడికే వాటి మనసు నెమ్మదించింది. చేపలకి మనసేమిటి అంటారా? ఆ ప్రయోగం చదివాక నేను ఇంకో మాట వాడలేను.

మా సర్జన్ దీనికి అలవాటు పడిపోయింది. ట్యాంకు ఎడమ మూల, పంపు నీళ్లు తగలని చోట, తోక కిందికి వదిలి దాదాపు నిట్టనిలువుగా నిలబడేది. క్లీనర్ వెళ్లి వీపు తడిమేది. పని దొరకని చోట కూడా ఆ రెండూ అలా ఉండేవి, ఒక్కోసారి ఐదేసి నిమిషాలు.

నా చేప ఆడో మగో నాకు తెలియదు. బయటినుంచి చూసి చెప్పడం చాలా కష్టం. ఇవన్నీ ఆడగానే పెద్దవవుతాయి. ఒక పెద్ద మగచేప, దాని కింద ఐదారు ఆడచేపలు ఒక కుటుంబం. మగది చనిపోతే వాటిలో పెద్ద ఆడది గంటల్లోనే మగదానిలా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. రెండు మూడు వారాల్లో దాని శరీరం వీర్యకణాలు తయారుచేస్తుంది. 1972లో రాబర్ట్‌సన్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి రాసినప్పుడు జీవశాస్త్రవేత్తలే ఆశ్చర్యపోయారట. ఆడా మగా కలిసి ఒకే గిరాకీకి పనిచేస్తున్నప్పుడు ఆడది జిగురు కొరికితే గిరాకీ పారిపోతుంది, మగదానికీ తిండి పోతుంది. అప్పుడు మగది ఆడదాని వెంటపడి తరుముతుంది. ఆ తర్వాత ఆడది కాసేపు బుద్ధిగా ఉంటుంది. 2010లో రొయ్య గుజ్జు, చేపల మేత వేరువేరుగా పెట్టిన ప్లాస్టిక్ పలకలతో ఇది నిరూపించారు. ఇష్టమైన రొయ్య ముట్టుకుంటే పలక మొత్తం తీసేసేవాళ్లు. ఇలాంటి పలకల ప్రయోగమే ఇంకోటి, రెండు పలకల్లో ఆలస్యం చేస్తే తీసేసే పలక మీదిది ముందు తినాలన్నది పరీక్ష. పెద్ద క్లీనర్లు నేర్చేసుకున్నాయి. కాపుచిన్ కోతులు, ఒరాంగుటాన్లు నేర్చుకోలేకపోయాయి. ఆగని గిరాకీకి ముందు పని చెయ్యడం క్లీనర్ రోజువారీ బతుకులో ఉన్న చిక్కే. అందుకే దానికి తెలుసు.

అద్దం సంగతి చాలామంది విని ఉంటారు. జపాన్‌లో మసనోరి కోడా బృందం నాలుగు క్లీనర్ల గొంతు కింద పురుగులా కనిపించే గోధుమరంగు చుక్క పెట్టి, ముందు అద్దం ఉంచింది. అద్దం చూశాక మూడు చేపలు గొంతుని నేలకి రాసుకున్నాయి. 2019లో ఈ ఫలితం వచ్చినప్పటి నుంచి, ఇది తనని తాను గుర్తుపట్టడమేనా కాదా అని వాదన నడుస్తోంది. నా మటుకు నాకు అందులో ఆశ్చర్యం లేదు. జీవితమంతా చుక్కలు వెతికే చేప తన ఒంటి మీద చుక్క చూసి ఊరుకుంటుందా?

రాత్రిపూట అది ఒక రాతి సందులో పడుకునేది. ఒకసారి ఎర్ర లైటు వేసి చూస్తే దాని చుట్టూ పల్చటి పొర కనిపించింది, సబ్బు బుడగ కంటే కొంచెం మందం. తన జిగురుతోనే కట్టుకున్న గూడు. కొన్ని రకాల పారట్ చేపలు కూడా ఇలాగే కట్టుకుంటాయి. వాటి గూడు తీసేసి చూసినప్పుడు నాథియిడ్‌లు వాటిని మరింత ఎక్కువగా కుట్టాయని గ్రట్టర్ బృందం 2011లో చూపించింది. సముద్రంలో దోమతెర అన్నమాట. పగలంతా ఎవరి పురుగుల్ని తిని బతుకుతుందో, రాత్రి వాటికే భయపడి తెర కట్టుకుని పడుకుంటుంది. నా ట్యాంకులో ఒక్క పురుగూ లేదు. అయినా అది ప్రతి రాత్రీ తెర కట్టుకుంది.

26వ రోజు అమ్మ వచ్చింది. చేపల గురించి అమ్మకి ఏమీ తెలియదు, ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం ఇష్టం. క్లీనర్ గాజు దగ్గరికొచ్చి తోక పైకీ కిందికీ ఊపుతూ ఈదుతోంది. గిరాకీని పిలవడానికి అవి చేసే నాట్యం అది. "చూడమ్మా, నీకోసం డాన్స్ చేస్తోంది" అన్నాను.

అమ్మ కళ్లజోడు సరిచేసుకుని దగ్గరికి వంగి చూసింది. "డాన్స్ సంగతి తర్వాత. దాని పొట్ట చూడరా, వీపుకి అంటుకుపోయింది. తింటోందా అసలు?"

చూశాను. తల వెనక మెడ దగ్గర గుంట పడింది. ముందు నుంచి చూస్తే కత్తి అంచులా ఉంది. రోజూ చూసే నాకు కనిపించనిది అమ్మకి ఒక్క చూపులో కనిపించింది. మేత వేసినప్పుడు మిగతా చేపలతో పాటు పైకి వస్తోంది కదా, తింటోందిలే అనుకున్నాను. నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తోందని ఆ రోజే గమనించాను.

ఆ తర్వాతే ఇదంతా చదవడం. ప్రయోగశాలల్లో పలక మీద రొయ్య గుజ్జు పూసి వీటిని పోషిస్తారని తెలిసి, పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క కోసి, పచ్చి రొయ్యని మెత్తగా నూరి, పల్చగా పూసి నీళ్లలోకి దించాను. మొదటిరోజు చుట్టూ తిరిగి వెళ్లిపోయింది. మూడో రోజు కొరికింది. ఆ రోజు నా ఆనందం అంతా ఇంతా కాదు. రోజుకి ఐదుసార్లు పలక పెట్టాను. ఆఫీసు నుంచి మధ్యాహ్నం కూడా వచ్చేవాణ్ణి. కొందరి ట్యాంకుల్లో ఇవి ఇలా అలవాటు పడి ఏళ్లు బతికిన మాట నిజమే. నా చేపకి ఆలస్యమైపోయింది. 38వ రోజున పలక దగ్గరికి రావడం మానేసింది. 41వ రోజు పొద్దున, తను పడుకునే సందులోనే ఉంది. తెర లేదు.

ఒక చేపే కదా అని అన్నవాళ్లున్నారు. దాని వెనక ఉన్న దిబ్బ సంగతి చెప్తాను. లిజార్డ్ ఐలాండ్ దగ్గర కొన్ని చిన్న దిబ్బల నుంచి క్లీనర్లను తీసేసి, మళ్లీ రానివ్వకుండా, ఎనిమిదిన్నర ఏళ్ల పాటు చూశారు. 2011లో ఫలితం వచ్చింది. ఆ దిబ్బల మీద స్థిరంగా ఉండే చేపల సంఖ్య క్లీనర్లున్న దిబ్బల కంటే 37 శాతం తక్కువ. రకాలూ తగ్గాయి. డామ్సెల్‌లు చిన్నగా మిగిలాయి. అంతకుముందు 1999లో గ్రట్టర్ చూపించిందింకోటి. క్లీనర్లు లేని చోట పంజరంలో ఉంచిన చేపల మీద ఒక్క పగటిలోనే పురుగులు నాలుగు రెట్లకు పైగా ఎక్కువయ్యాయి. ఒక్క పగలు! తుఫాన్లు, 2016లో సముద్రం వేడెక్కి పగడాలు పాలిపోవడం, అన్నీ కలిసి అదే దీవి దగ్గర క్లీనర్ల సంఖ్యని 80 శాతం తగ్గించాయి. మిగిలినవి గిరాకీలతో మునుపంత నేర్పుగా మసలుకోలేకపోయాయని ఆ తర్వాతి పరిశీలనలో తేలింది. చుట్టూ చేపలు లేకపోతే ఆ తెలివికి పనీ ఉండదు.

సముద్రపు ట్యాంకు ఉన్నవాళ్లు ఎవరైనా నన్నడిగితే ఒక్కటే చెప్తున్నాను, క్లీనర్ రాస్‌ని కొనకండి. పలకలు పెట్టి, పూటపూటా చూసుకోగలమన్న ధైర్యం ఉన్నా సరే. ఆ నీలం చారే కావాలంటే నియాన్ గోబీలున్నాయి. అవి కూడా పురుగులు ఏరే చేపలే, కానీ మామూలు మేత తింటాయి. తొట్టెల్లోనే పిల్లల్ని పెట్టించి అమ్ముతారు, దిబ్బ నుంచి తేనక్కర్లేదు. నేను మాత్రం ఆ ఖాళీలోకి ఇంకేదీ తేలేదు.

సర్జన్ చేప ఆ తర్వాత దాదాపు మూడు వారాల పాటు ఎడమ మూలకి వెళ్లేది. తోక కిందికి వదిలి, రెక్కలు చాపి, మొప్పలు తెరిచి నిలబడేది. కాసేపు చూసి వెళ్లిపోయేది. మొదట్లో రోజుకి ఎనిమిది తొమ్మిదిసార్లు, తర్వాత మూడు నాలుగు. నోట్‌బుక్‌లో రాసుకున్నాను. చివరిసారి నిలబడింది ఒక ఆదివారం సాయంత్రం, ఇరవై సెకన్లు.